మనుషులకు, పశువులకు, కుక్కలకు పట్టే పురుగులు: తరచుగా అడిగే ప్రశ్నలు

పశువైద్యుణ్ణి కదా, నన్ను అడిగే ప్రశ్నలన్నీ పశువుల గురించే ఉంటాయనుకుంటారు. ఉండవు. ఆవుకు మందు రాయించుకుని గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి "డాక్టరుగారూ, మా బుడ్డోడికి కూడా..." అని మొదలుపెడతారు. మనుషులకు మందు, మోతాదు మీ డాక్టరే చెప్పాలి. పురుగు ఏ దారిన వస్తోందో చెప్పడం మాత్రం నా పని కూడా. ఎందుకంటే మట్టి, పేడ, నీళ్ళు, కుక్క, కొట్టం గోడ మనకీ పశువులకీ ఉమ్మడివే.

పిల్లలు తీపి ఎక్కువ తింటే కడుపులో పురుగులు పడతాయా?

పడవు. బెల్లంలోంచో చాక్లెట్‌లోంచో పురుగు పుట్టదు, గుడ్డులోంచే పుడుతుంది. ఆ గుడ్డు వేరే మనిషి మలంతో నేల మీదికి వచ్చి, మట్టి చేతులతోనో, సరిగా కడగని కొత్తిమీర కట్టతోనో నోట్లోకి చేరుతుంది. ఏలికపాముల్లో ఆడది రోజుకు దాదాపు 2 లక్షల గుడ్లు పెట్టగలదు. అయితే అవి బయటపడిన రోజే ఎవరికీ అంటవు. తేమ, నీడ ఉన్న మట్టిలో రెండు మూడు వారాలైనా ఉంటేనే లోపల పిల్ల తయారవుతుంది. మనం మింగాక కూడా అది తిన్నగా పేగులో కూర్చోదు. పేగు గోడ తొలుచుకుని రక్తంలో పడి ఊపిరితిత్తులకు పోతుంది, అక్కడి నుంచి గొంతులోకి ఎక్కి, మళ్ళీ మింగుడుపడి పేగుకు చేరి అప్పుడు పెద్దదవుతుంది. గుడ్లు పెట్టే వయసు వచ్చేసరికి రెండు మూడు నెలలు. కాబట్టి నిన్న తిన్న మైసూర్‌పాకు మీద నేరం మోపకండి.

నిద్రలో పళ్ళు కొరకడం, ముఖం మీద తెల్ల మచ్చలు కూడా పురుగులకు గుర్తులని పల్లెల్లోనే కాదు, అపార్ట్‌మెంట్లలోనూ అంటారు. ఆ మచ్చలు చాలావరకు చర్మం పొడిబారడం వల్ల వచ్చేవి. మట్టి, సుద్ద, బలపం తినే అలవాటును మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. రక్తం తక్కువగా ఉన్న పిల్లలు మట్టి తింటారు, ఆ మట్టితో గుడ్లు లోపలికి పోతాయి, కొన్ని రకాల పురుగులు ఆ ఉన్న రక్తాన్నీ తాగుతాయి.

రాత్రిళ్ళు మాత్రమే మలద్వారం దగ్గర దురద అంటున్నాడు. అదీ ఏలికపామేనా?

కాదు, ఇది తెల్ల దారం ముక్కలా సెంటీమీటరు పొడవుండే చిన్న పురుగు. పిల్లవాడు నిద్రపోయాక ఆడపురుగు బయటికి వచ్చి మలద్వారం చుట్టూ గుడ్లు పెడుతుంది. దురద పుడుతుంది, గోకుతాడు, గోళ్ళలో ఇరుక్కున్న గుడ్లు మళ్ళీ నోట్లోకే. ఈ గుడ్లకు మట్టితో పని లేదు, కొన్ని గంటల్లోనే అంటుకునే స్థితికి వస్తాయి. దుప్పట్ల మీద, లోదుస్తుల మీద కూడా ఉంటాయి. అందుకే ఒక్కడికే మందు వేస్తే నెల తిరక్కుండా మళ్ళీ మొదలవుతుంది. ఇంటిల్లిపాదీ ఒకే రోజు వేసుకుని, రెండు వారాలకు ఇంకోసారి వేసుకోవాలి. గోళ్ళు కత్తిరించాలి, పొద్దున్నే స్నానం చేయించాలి. మామూలు మలపరీక్షలో ఇది తరచుగా దొరకదు. పొద్దున కడగకముందే అక్కడ సెల్లో టేపు అంటించి తీసి చూస్తే గుడ్లు కనబడతాయి.

బడిలో ఇచ్చే మాత్ర ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు ఎందుకు?

2015 నుంచి జాతీయ నులిపురుగుల నివారణ దినం పేరుతో ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న 1 నుంచి 19 ఏళ్ళ వారికి ఆల్బెండజోల్ ఇస్తున్నారు. మాత్ర 400 మిల్లీగ్రాములు. రెండేళ్ళలోపు పిల్లలకు సగమే, అదీ పొడి చేసి నీళ్ళలో కలిపి. రెండు నుంచి మూడేళ్ళ వారికి పూర్తి మాత్ర, అదీ పొడి చేసి నీళ్ళతోనే. మిగతావాళ్ళు నమిలి మింగాలి. పురుగులున్న పిల్లల్లో చాలామంది పైకి బాగానే కనబడతారు, పరీక్ష చేసి ఏరడం కంటే అందరికీ వేయడం సులువు, చవక. కొందరికి ఆ రోజు వికారం, కడుపు నొప్పి రావచ్చు, సాధారణంగా అదే తగ్గిపోతుంది. జ్వరంతో ఉన్నవాడికి ఆ రోజు వేయించకండి, తగ్గాక వేయించండి. ఫిట్స్ వచ్చే పిల్లవాడైతే ముందే చెప్పండి, కారణం కింద ఉంది.

ఈ మాత్ర ఆ పూట ఉన్న పురుగులనే చంపుతుంది. ఎల్లుండి మింగబోయే గుడ్డును ఆపలేదు. మందు పనిచేయలేదని వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు ఇదే సంగతి.

మా అమ్మ పొలం పని చేస్తుంది. రక్తం 7 గ్రాములే ఉంది, పురుగుల మందు కూడా రాశారు. ఎందుకు?

కొంకిపురుగు కోసం. ఇది నోటి ద్వారా కాదు, ఎక్కువగా పాదాల చర్మంలోంచి వస్తుంది. బహిర్భూమికి వాడే గట్లు, తోటల్లో తడి మట్టిలో దీని పిల్లలు ఉంటాయి; చెప్పుల్లేకుండా నడిచిన కాలిలోకి దూరతాయి. తర్వాత పేగు గోడను పళ్ళతో పట్టుకుని రక్తం తాగుతూ ఏళ్ళ తరబడి బతుకుతాయి. ఒక్కో పురుగు రోజుకు తాగేది చుక్కల్లోనే, కానీ పదుల్లో, వందల్లో ఉంటాయి. ఐరన్ మాత్రలు మాత్రమే మింగితే అడుగు చిల్లిపడ్డ బిందెలో నీళ్ళు పోసినట్టే. మందు, ఐరన్, చెప్పులు మూడూ కావాలి.

మేం పంది మాంసం ముట్టం. మా తమ్ముడికి ఫిట్స్ వస్తే స్కాన్ తీసి మెదడులో పురుగు తిత్తి అన్నారు. ఎలా సాధ్యం?

నన్ను అడిగే ప్రశ్నల్లో ఎక్కువ గందరగోళం ఉన్నది ఇక్కడే. ఆ తిత్తి పంది బద్దెపురుగు (టేప్‌వర్మ్) పిల్లది. ఈ బద్దెపురుగుకు రెండు దారులున్నాయి, ఫలితాలు వేరు.

సరిగా ఉడకని పంది మాంసంలో తిత్తులు ఉండి, వాటిని తింటే మనిషి పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. మీటర్ల పొడవు పెరిగినా ఆ మనిషికి పెద్దగా బాధ ఉండకపోవచ్చు. కానీ అతని మలంలో గుడ్లు పోతుంటాయి. ఆ గుడ్లు వేరే ఎవరి నోట్లోకి వెళ్ళినా, వాళ్ళ శరీరంలో అవి పంది ఒంట్లో చేసే పనే చేస్తాయి: పిల్లలు పేగు దాటి కండరాలకు, కంటికి, మెదడుకు పోయి తిత్తులు కడతాయి. మెదడులో తిత్తి అంటే ఫిట్స్. అంటే మెదడు తిత్తి మాంసం తిన్నందుకు రాదు, మలం అంటిన ఆహారం వల్ల వస్తుంది. మురుగు నీరు పారించిన ఆకుకూరలు, పచ్చిగా తినే క్యారెట్, ముల్లంగి, లేదా బద్దెపురుగు ఉండి చేతులు కడుక్కోకుండా వండిన మనిషి. శాకాహారులకు దీన్నుంచి మినహాయింపేమీ లేదు. మన దేశంలో ఫిట్స్‌కు ముఖ్యమైన కారణాల్లో ఇదొకటి.

తిత్తి అని తేలాక మెడికల్ షాపులో ఆల్బెండజోల్ కొని సొంతంగా మింగొద్దు. తిత్తి చచ్చేటప్పుడు చుట్టూ మెదడు వాచి ఫిట్స్ ఎక్కువవుతాయి, అందుకే న్యూరాలజిస్టు అవసరమైతే స్టెరాయిడ్లు ముందు మొదలుపెట్టి ఈ మందు ఇస్తారు. కొన్ని తిత్తులకు పురుగు మందే అక్కర్లేదు, ఫిట్స్ మందు చాలు. ఆ నిర్ణయం స్కాన్ చూసినవాళ్ళది. ఇంట్లో మిగతావాళ్ళకు మలపరీక్ష చేయించడం మంచిది, ఎవరో ఒకరి పేగులో పెద్ద పురుగు ఉండొచ్చు.

కుక్కపిల్లను తెచ్చుకున్నాం. పుట్టి నెలైనా కాలేదు, దానికి పురుగులేంటి?

తల్లి కడుపులో ఉండగానే వస్తాయి. తల్లి కండరాల్లో నిద్రపోతున్న గుండ్రటి పురుగు పిల్లలు, అది చూలు కట్టాక మేల్కొని పొట్టలోని పిల్లలకు చేరతాయి. పాల ద్వారా కూడా వస్తాయి. ఉబ్బిన పొట్ట, బక్క వెన్ను కనబడితే చాలావరకు అదే. రెండు వారాల వయసులో మొదటి మందు, ఆ తర్వాత ఎనిమిది వారాల దాకా రెండు వారాలకోసారి, అక్కడి నుంచి ఆరు నెలల దాకా నెలకోసారి, పెద్దయ్యాక మూడు నెలలకోసారి. మోతాదు బరువును బట్టి. తల్లికీ వేయండి.

పిల్లలున్న ఇంట్లో ఇది కుక్క కోసమే కాదు. ఆ గుడ్లు మట్టిలో ఏళ్ళపాటు బతుకుతాయి. పసివాడు మింగితే పురుగు పెద్దది కాదు కానీ దాని పిల్ల కార్జంలో, కంట్లో తిరుగుతుంది. కంట్లో అయితే చూపు పోవచ్చు. కుక్క కొంకిపురుగు మనిషి చర్మంలో దూరితే ఎర్రటి వంకర గీత రోజురోజుకూ పాకుతూ కనబడుతుంది. పార్కు ఇసుకలో, బీచ్‌లో చెప్పుల్లేకుండా తిరిగినవాళ్ళకు వస్తుంది.

గొర్రెల కాపరులం. కుక్కకు తలకాయ, కార్జం ముక్కలు వేస్తే తప్పేంటి?

ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ మందలో రెండు రోగాలకు మీ కుక్కే మూలం.

ఒకటి తలతిరుగుడు రోగం. గొర్రె తల ఒక పక్కకు వాల్చి గుండ్రంగా తిరుగుతుంది, మందలో వెనకబడుతుంది, గోడకు తల ఆనించి నిలబడుతుంది. దాని మెదడులో నీటి తిత్తి పెరుగుతోంది. అలాంటి గొర్రెను కోసి, తల పగలగొట్టి కుక్కకు వేస్తే, తిత్తిలోని తలలన్నీ కుక్క పేగులో బద్దెపురుగులవుతాయి. ఆ కుక్క మేత బీళ్ళలో విసర్జిస్తుంది, గొర్రె పిల్లలు ఆ గడ్డి మేస్తాయి. తిరిగి తిరిగి మీ మందకే.

రెండోది కార్జంలో, ఊపిరితిత్తుల్లో వచ్చే నీటి బుడగలు. కోసినప్పుడు మీరందరూ చూసే ఉంటారు. వీటిని తిన్న కుక్క పేగులో కొన్ని మిల్లీమీటర్లే ఉండే బుల్లి బద్దెపురుగులు వేలల్లో పెరుగుతాయి, మలంలో కంటికి కనబడవు. గుడ్లు కుక్క బొచ్చుకు అంటుకుంటాయి. ఆ కుక్కను నిమిరి, చేతులు కడుక్కోకుండా అన్నం తిన్న మనిషికి కార్జంలో అదే బుడగ మొదలవుతుంది. ఏళ్ళ తరబడి తెలియదు, బత్తాయి అంత పెరిగాక నొప్పి వస్తుంది. చాలాసార్లు ఆపరేషనే గతి, లోపల బుడగ పగిలితే ప్రాణాపాయం.

పరిష్కారం ఖర్చు లేనిది. బుడగలున్న ముక్కలు, తలకాయలు కాల్చేయండి, లేదా కుక్క తవ్వలేనంత లోతుగా పాతిపెట్టండి. వేయాలనే ఉంటే బాగా ఉడకబెట్టి వేయండి. మంద కుక్కలకు ప్రాజిక్వాంటెల్ మాత్ర క్రమం తప్పకుండా వేయించండి. ఊరి మటన్ కొట్టు వెనక తిరిగే కుక్కల సంగతి పంచాయతీ చూసుకోవాలి, అదే జరగడం లేదు.

నేను గర్భవతిని. పిల్లిని వదిలేయమంటున్నారు.

వదలక్కర్లేదు. టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి భయంతో అంటున్నారు. గర్భంలో మొదటిసారి సోకితే బిడ్డకు ప్రమాదమన్నది నిజమే. కానీ పిల్లి మలంలో వచ్చేవి అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది, అందుకని మలం తొట్టె రోజూ శుభ్రం చేస్తే చాలు, అదీ ఇంట్లో వేరేవాళ్ళు చేస్తే మేలు. సరిగా ఉడకని మాంసం, కడగని కూరలు, చేతి తొడుగుల్లేకుండా చేసే తోట పని నుంచి కూడా ఇది వస్తుంది. వేటకు పోకుండా ఇంట్లోనే ఉండి వండిన తిండి తినే పిల్లితో ముప్పు చాలా తక్కువ.

ఆవుకు ఎన్నిసార్లు మందు కొట్టినా పిడుదులు పోవడం లేదు.

ఎందుకంటే మీరు కొడుతున్నది ఆవుకు మాత్రమే. పిడుదులు, మీ ఊళ్ళో గోమార్లు అంటారేమో, ఎక్కువ భాగం కొట్టంలో ఉంటాయి. మన ఆవుల మీద ఎక్కువగా కనబడే రకం పిల్లగా ఎక్కి మూడు వారాల పాటు అదే ఆవు మీద పెరుగుతుంది. రక్తం తాగి చిక్కుడు గింజంత ఉబ్బిన ఆడది కిందికి రాలి, గోడ పగుళ్ళలో, గాటి కింద, పేడ కుప్ప పక్కన రెండు మూడు వేల గుడ్లు పెట్టి చస్తుంది. ఆ పిల్లలు నెలల తరబడి తిండి లేకుండా కాచుకుని ఉంటాయి.

అందుకే ఆవుకు, కొట్టానికి ఒకే రోజు మందు. గోడ పగుళ్ళు మట్టితోనో సిమెంటుతోనో పూడ్చి సున్నం కొట్టండి. రెండు మూడు వారాలకు మళ్ళీ చేయాలి, అప్పటికి గుడ్లు పిల్లలవుతాయి. ఆవుకు కొట్టేటప్పుడు వీపు తడిపి వదిలేయకండి: చెవుల లోపలి అంచు, గంగడోలు, పొదుగు చుట్టూ, తోక కింద, గజ్జల్లో చూడండి, అవి ఉండేది అక్కడే. మందు కొట్టే ముందు ఆవుకు కడుపునిండా నీళ్ళు పెట్టండి, దాహంతో ఒళ్ళు నాకకూడదు. సీసా మీద రాసిన కొలత కంటే పలచన చేస్తే పిడుదులు చావవు, మందుకు అలవాటు పడతాయి. చిక్కన చేస్తే ఆవుకు విషం. పొలానికి కొట్టే పురుగుమందు పశువుకు కొట్టడం ఇంకా చూస్తున్నాను, దయచేసి వద్దు. కోళ్ళను కొట్టంలో తిరగనిస్తే రాలిన పిడుదులను ఏరుకు తింటాయి, ఇది మన పెద్దల పద్ధతే.

పిడుదులు రక్తం తాగడం ఒక నష్టమైతే, వాటితో వచ్చే జ్వరాలు ఇంకా పెద్ద నష్టం. సంకర జాతి ఆవుకు 105 డిగ్రీల జ్వరం, గొంతు పక్క గ్రంథులు వాపు కనబడితే థైలేరియా అయి ఉండొచ్చు. మూత్రం కాఫీ రంగులో వస్తే బబీసియా అనుమానించాలి. రెంటిలోనూ ఒక్క రోజు ఆలస్యం కూడా ఖరీదే. సంచార పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి.

గొర్రెలకు నట్టల మందు ఎప్పుడు తాగించాలి? ఒకే మందు ఏటా వాడొచ్చా?

వానలకు ముందు ఒకసారి, వానలు తగ్గుముఖం పట్టాక ఒకసారి తప్పనిసరి. మధ్యలో అవసరాన్ని బట్టి. ప్రతి నెలా అందరికీ తాగించే పద్ధతి నాకు నచ్చదు, నట్టలు మందుకు లొంగకుండా పోయేది దానివల్లే. కింది కనురెప్ప లాగి చూడండి: లోపల ఎర్రగా ఉంటే ఫరవాలేదు, తెల్లగా పాలిపోతే పొట్టలో రక్తం తాగే నట్ట ఉన్నట్టు. దీనికోసం దక్షిణాఫ్రికాలో రంగుల కార్డే తయారుచేశారు, పాలిపోయిన వాటికే మందు వేస్తారు. మోతాదు మందలో పెద్ద గొర్రె బరువును బట్టి లెక్కేయండి, సగటు వేస్తే పెద్దవాటికి చాలదు. చూడి తొలి నెలల్లో ఉన్నవాటికి ఆల్బెండజోల్ తాగించొద్దు, పిల్లలు అవకరంతో పుట్టే ప్రమాదం ఉంది, ఫెన్‌బెండజోల్ అడగండి. మందు వేశాక ఎన్ని రోజులు పాలు, మాంసం వాడకూడదో లేబుల్ మీద ఉంటుంది.

గేదెకు దవడ కింద నీరు దిగింది.

చెరువు అంచున మేసిన గేదె అయితే ముందు కార్జపు జలగను అనుమానించండి. దీనికి నత్త కావాలి. పేడలోని గుడ్డు నీళ్ళలో పగిలి, పిల్ల నత్తలో పెరిగి, బయటికొచ్చి గడ్డి పరకకు, వరి మొదళ్ళకు అంటుకుంటుంది. గేదె ఆ గడ్డిని మేస్తుంది. గొర్రెలకు వాడే మామూలు నట్టల మందులు చాలావరకు దీని మీద పనిచేయవు. ఆక్సీక్లోజనైడ్, ట్రైక్లాబెండజోల్ లాంటివి వేరుగా ఉన్నాయి. పేడ పరీక్ష చేయించి వేయడం మంచిది, తాజా పేడ చిన్న డబ్బాలో తెస్తే చాలు.

గేదె దూడలు పుట్టిన మూడు వారాలకే పారుకుని చనిపోతున్నాయి.

పాలతో వచ్చే ఏలికపాము అయి ఉండొచ్చు. తల్లి ఒంట్లో దాక్కున్న పిల్లలు ఈనగానే పాలలోకి వస్తాయి. బురద రంగు, దుర్వాసనతో విరేచనం, ఉబ్బిన పొట్ట, పాలు తాగకపోవడం దీని లక్షణాలు. జున్నుపాలు మానిపించవద్దు, అది ఇంకా పెద్ద నష్టం. 10 నుంచి 14 రోజుల వయసులో పైపరజైన్ లాంటి మందు ఒక మోతాదు తాగిస్తే చాలా దూడలు బతుకుతాయి. ఈ ఒక్క మోతాదు మరిచిపోయి పోగొట్టుకున్న దూడలు లెక్కలేనన్ని.

కుక్క మీది పేలు, గజ్జి మనకు అంటుకుంటాయా?

పేలు అంటవు, కుక్క పేను మనిషి తలలో బతకదు. పిల్లల తలలో పేలు పక్క పిల్లల తల నుంచే వస్తాయి. అవి ఎగరవు, దూకవు. పెర్మెత్రిన్ 1 శాతం మందు రాసి, వారం పది రోజులకు మళ్ళీ రాయాలి, ఎందుకంటే ఈపి ఒక్కసారికి చావదు. కిరసనాయిలు వద్దు.

కుక్క గజ్జి మనకు కొన్ని రోజులు దురద పెట్టి పోతుంది. మనుషుల గజ్జి వేరు. వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, నడుము చుట్టూ, రాత్రి ఎక్కువయ్యే దురద. మందు మెడ నుంచి పాదాల దాకా రాసి రాత్రంతా ఉంచాలి, ఇంట్లో అందరూ ఒకే రోజు. పురుగు చచ్చాక కూడా రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉంటుంది. అంతలో టెన్షన్ పడి మళ్ళీ మళ్ళీ రాస్తే చర్మం మండుతుంది. బట్టలు వేడి నీళ్ళలో ఉతికి ఎండలో వేయండి.

ఒక హెచ్చరిక: కుక్కలకు వాడే పెర్మెత్రిన్ మందు పిల్లికి వేయొద్దు, ప్రాణం పోతుంది.

పొలం నుంచి వచ్చాక జ్వరం, ఒంటి మీద నల్లటి పక్కు. పిడుదు కుట్టిందా?

స్క్రబ్ టైఫస్ కావచ్చు. పొదల్లో ఉండే కంటికి ఆనని నల్లి (మైట్, మంచాల్లో ఉండే నల్లి కాదు) పిల్ల కుడితే వస్తుంది. చంకల్లో, గజ్జల్లో, రొమ్ము కింద సిగరెట్ కాల్చినట్టు నల్లటి పక్కు ఉంటుంది, నొప్పి ఉండదు కాబట్టి చాలామంది గమనించరు. డాక్టరుకు ఆ మచ్చ చూపించండి. డాక్సీసైక్లిన్‌తో తగ్గిపోయే జబ్బే, ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

బోదకాలు మాత్రలు నాకెందుకు, కాలు బాగానే ఉందిగా?

కాలు వాచేది పురుగు ఒంట్లోకి వచ్చిన ఏళ్ళ తర్వాత. ఈలోగా దాని పిల్లలు రాత్రి వేళల్లో రక్తంలోకి వస్తాయి, మురుగు నీటి దోమలు వాటిని పక్కింటికి మోస్తాయి. రాత్రి పూట ఇంటికొచ్చి రక్తం తీసేది అందుకే. మాత్ర మీలోని ఆ పిల్లలను చంపుతుంది. ఆ మందు డీఈసీ వెనక మనవాడే ఉన్నాడు: భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే సంస్థ పరిశోధనను నడిపిస్తున్న 1940ల్లో అది బయటికి వచ్చింది. ఇప్పటికే వాచిన కాలు మాత్రతో తగ్గదు. రోజూ సబ్బుతో కడిగి, ఆరబెట్టి, పగుళ్ళు, పుళ్ళు లేకుండా చూసుకుంటే పదేపదే వచ్చే జ్వరం తగ్గుతుంది. గర్భవతులు, రెండేళ్ళలోపు పిల్లలు, బాగా జబ్బుతో ఉన్నవాళ్ళు ఈ మాత్రలు వేసుకోకూడదు.

మలేరియా కూడా పరాన్నజీవేనా?

అవును, రక్తకణాల్లో బతికే ఏకకణ జీవి. దోమ దాన్ని మోస్తుందన్న ఆధారం దొరికింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపు కోసి చూసినప్పుడు.

వేపాకు రసం, బొప్పాయి గింజలు చాలవా?

మోతాదు తెలియదు, ఏ పురుగు మీద ఎంత పనిచేస్తుందో తెలియదు. మాత్ర చవక, బడిలో ఉచితం.

పశువులకు ఇచ్చే ఐవర్‌మెక్టిన్ మిగిలింది. గజ్జికి మేం వాడొచ్చా? కుక్కకు?

మీరు వాడొద్దు. మందు గొప్పదే, జపాన్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి వచ్చింది, కనిపెట్టినవాళ్ళకు 2015లో నోబెల్ వచ్చింది, మనుషులకు మాత్రల రూపంలో ఉంది. కానీ పశువుల ఇంజెక్షన్ మూడు నాలుగు వందల కిలోల జంతువుకు తయారైన గాఢత. చుక్కల్లో కొలిచినా తేడా వస్తుంది. కుక్కకూ అంతే, పైగా కోలీ జాతి కుక్కల్లో చాలావాటికి ఈ మందు మెదడుకు ఎక్కి కోమాలోకి పోతాయి. బద్దెపురుగుల మీద, కార్జపు జలగ మీద ఇది అసలు పనిచేయదు, కాబట్టి అన్నిటికీ ఇదే అని ఎవరైనా అమ్మితే కొనకండి. మిగిలిన సీసాను మూత బిగించి పిల్లలకు అందని చోట పెట్టండి, గడువు దాటితే చెరువులో పారబోయకుండా పశువుల ఆసుపత్రిలో ఇవ్వండి.